బొమ్మ పైన, వార్త కింద

మేడ కింద ఒంటిగది. వీధిలోకి ఒకటే తలుపు, దాని పక్కనే ఒక కిటికీ. పట్టపగలు.

"గడియ తియ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది, ముందు గడియ తియ్యి!"

"ముందు నువ్వు కిటికీ దగ్గరికి రా. ఎవరో ఏంటో మొహం కనబడాలి నాకు."

"నేనే తల్లీ, సాన మామని! మొన్నేగా నీ కత్తికి పదును పెట్టిచ్చాను!"

"మామా? అయ్యయ్యో, ఆ రక్తమేంటి? ఏ బండైనా గుద్దిందా?"

"బండి కాదు, మనుషులు. వీధినిండా మనుషులు. మూల తిరిగారంటే కనబడిపోతాను, తియ్యి!"

"ఆయన డ్యూటీకెళ్ళారు మామా. పాప ఉయ్యాల్లో ఉంది. నేనొక్కదాన్నే, ఎలా..."

"చంపేస్తారు తల్లీ."

"ఆ సంచి బయటే పడెయ్. దాన్నిండా కత్తులేగా."

"పడేస్తే వాటితోనే పొడుస్తారు! పదును పెట్టింది కూడా నేనే, ఒక్క పోటుకి దిగిపోతాయి!"

"సరే రా. రా, రా. తల వంచు, తగులుతుంది. పాప వైపు పోకు. ఇటు, ఈ గోడకి కూర్చో. సంచి ఇలా ఇయ్యి, మంచం కింద తోస్తాను. అబ్బా, ఈ గడియ పడి చావదే..."

"పైకెత్తి తొయ్యి."

"ఆఁ, పడింది. నీ చెవికేమైంది?"

"ఉందా?"

"సగముంది."

"సగమన్నా మిగిల్చారు. చెయ్యి చూడు, ఇటు తిప్పితే అటు పోతోంది. నా సాన రాయి పీకి దానిమీదే వేశారు. రాయి రెండు చెక్కలైపోయింది తల్లీ. మా నాన్న ఇచ్చిన రాయి."

"రాయి సంగతి తరవాత ఏడుద్దాం. ఈ గుడ్డ నోట్లో కుక్కుకో, కట్టు కడతాను. అరవకు, పాప లేస్తుంది."

"అరవను. అమ్మా!"

"అరవకన్నానా!"

"నువ్వలా లాగితే అరవనా?"

"ఎవరు మామా వీళ్ళు? ఎందుకు కొట్టారు?"

"నాకేం తెలుసు? రోజూలాగే మూలమీద కూర్చున్నా. ఒకడొచ్చి ఫోను మొహంలో పెట్టి, ఇది నువ్వేనా అన్నాడు. చూస్తే నా బొమ్మే. నేనే బాబూ, బాగా పడ్డానా అన్నాను."

"ఊఁ."

"నోటిమీద ఒక్కటిచ్చాడు. పళ్ళు అక్కడే రాలాయి. బుడ్డోడేడ్రా, ఎక్కడ దాచావురా అని ఇంక ఒకటే తన్నులు. ఎంతమంది కాళ్ళో. పళ్ళబండి బాబాయి అడ్డొచ్చాడు పాపం."

"ఆయనేమయ్యాడు?"

"అదడగకు తల్లీ."

"మామా, ఆయనేమయ్యాడు?"

"ఆయన బండి ఆయన మీదకే ఎక్కించారు. వెనక్కి లాగి మళ్ళీ ఎక్కించారు. లేవలేదు తల్లీ. వాళ్ళు అటు తిరిగినప్పుడే నేను ఇటు పాకాను."

"దేవుడా. ఏ బుడ్డోడి కోసం ఇదంతా? టైలరక్క కొడుకేనా?"

"వాడేనంట. కనబడట్లేదంట."

"అది తెలుసు. నేనేగా పొద్దున అందరి ఫోన్లకీ పంపే వార్తల మూటలో వేశాను."

"ఆ బొమ్మ కూడా నీ మూటలోదే తల్లీ."

"అదెలా? నీ బొమ్మ వేసింది మాస్టారు నీ గురించి రాసినదానికి. దానికీ బుడ్డోడికీ ఏం సంబంధం? ఉండు. ఫోనేది, ఫోను... ఇదిగో."

"చదువు. నాకెలాగూ అక్షరాలు రావు."

"పొద్దుటి మూట. పేటలో ఉన్న నాలుగు బ్లాగులు, ఒక్కోదాన్నుంచి రెండు ముక్కలు. ఒకటి, 'వీధి గొంతు' బ్లాగు. టైలరక్క కొడుకు కనబడటం లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు పేటలోనే తిరుగుతున్నాడు, తల్లులూ జాగ్రత్త! రెండు, 'కుళాయి కబుర్లు'. రేపు నీళ్ళు ఆలస్యం. మూడు, 'ఉప్పూకారం'. మైకన్న ఎన్నికల సభకి కుర్చీలు తప్పకుండా వచ్చాయి, మనుషులే మర్చిపోయారు."

"హహ్... నవ్వించకు, పక్కటెముక గుచ్చుకుంటోంది."

"నాలుగు, 'మాస్టారి డైరీ'. మన పేట కత్తులన్నిటికీ పదును ఈయన చేతిదే, సాన మామ జీవితం."

"మంచిగానే ఉంది కదే. మరి నన్నెందుకు కొట్టారు?"

"ఫొటో."

"ఏమైంది ఫొటోకి?"

"పైనుంది మామా."

"పైనే కదా ఉండాలి?"

"నువ్వే కదా అడిగావు! చివర్న వేస్తే కిందదాకా ఎవరు జరుపుతారు, మా చెల్లెలు చూడాలి, నా బొమ్మ పైన వెయ్యి తల్లీ, వెయ్యి తల్లీ అని రెండు రోజులు నా గుమ్మంలో కూర్చున్నావు. సరే పాపం అని పైన వేశాను. ఇలా ఫోన్లలోకి పంపినప్పుడు మూట విప్పకముందు ఏం కనబడుతుందో చూడు. ఇదిగో, ఈ చిన్న గడిలో. పైన బొమ్మ, దాని కింద మొదటి వార్త. అంతే. మిగిలిందంతా లోపల."

"అంటే?"

"అంటే నీ మొహం. కింద, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు పేటలోనే తిరుగుతున్నాడు."

"చెల్లెలు చూసే ఉంటుంది అయితే."

"అలా అనకు మామా."

"మొదట నీళ్ళ వార్తే కదా వేస్తావు ఎప్పుడూ? నీ మూట వినిపించమని అడిగితే అందరూ ముందు నీళ్ళ సంగతే చెబుతారు."

"అవును. పిల్లాడు తప్పిపోయాడని చదివాక నాకు చేతులాడలేదు. నీళ్ళని కిందకి నెట్టి దీన్ని ఎక్కించాను. 'వీధి గొంతు' వాళ్ళు కూడా, 'ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటారా' అని మాత్రమే రాశారు. నేనే, పాపకి పాలిస్తూ ఒంటిచేత్తో టైపు చేస్తూ... నాకు అప్పటికే వాడు మన వీధిలోకి వచ్చేసినట్టే అనిపించింది. తల్లులూ జాగ్రత్త అన్నది నా మాటే. వాళ్ళది కాదు."

"తీసెయ్ మరి! ఇప్పుడే తీసెయ్!"

"తీసేశాను, తీసేశాను. కానీ గడి వరకూ ఫొటో తీసుకుని పంపుకుంటున్నారు మామా. ఇదిగో, నాకే మూడు చోట్లనుంచి వచ్చింది. దీంట్లో నీ కళ్ళకి ఎర్ర సున్నాలు కూడా చుట్టారు."

"తల్లీ, చప్పుడు."

"విన్నాను."

"వచ్చేశారు."

"ష్."

"చెల్లెమ్మా! ఇంట్లో ఉన్నావా చెల్లెమ్మా? ఒకసారి తలుపు తియ్యి."

"మైకన్న గొంతు మామా. ఆయన నాకు తెలుసు, ఎన్నికల్లో నిలబడ్డాడుగా. టైలరక్క అన్నయ్యే. మాట్లాడి పంపేస్తాను, నువ్వు కదలకు... అన్నా, నమస్తే అన్నా! పాపకి స్నానం చేయిస్తున్నాను అన్నా!"

"చేయించు, చేయించు. లోపలున్నవాణ్ణి బయటికి పంపి నిదానంగా చేయించుకో."

"ఎవరూ లేరన్నా."

"గడపమీద రక్తముంది చెల్లెమ్మా."

"నాదే అన్నా. పీటమీంచి పడి కాలు చీరుకుంది."

"ఇంత రక్తం పోయినా నిలబడి మాట్లాడుతున్నావంటే గట్టిదానివే."

"అన్నా, మీకు దణ్ణం పెడతాను. తప్పు నాదన్నా. మామ బొమ్మ పొరపాటున ఆ వార్తమీద పడింది. ఆయన ఎవర్నీ ఎత్తుకుపోలేదు. మీరు మైకులో ఒక్కమాట చెబితే అందరూ వింటారు."

"చెబుతాను. వాణ్ణి బయటికి పంపు, వాడి ముందే చెబుతాను."

"కొట్టరు కదా?"

"మేమెందుకు కొడతాం? మాట్లాడతాం."

"పళ్ళబండి బాబాయితో కూడా మాట్లాడారా అన్నా?"

"...తలుపు తియ్యి చెల్లెమ్మా. ఈ తలుపు పాతది. వెనకనుంచి కుర్రాళ్ళు తోస్తున్నారు, నేనెంతసేపని ఆపుతాను?"

"ఒక్క నిమిషం అన్నా! పాపకి గౌను వేసి వస్తా! ఒక్క నిమిషం!"

"తల్లీ, తీస్తావా?"

"నోర్ముయ్ మామా, ఆయనకి ఫోన్ చేస్తున్నాను... హలో, ఏమండీ! ఏమండీ, ఇంటిముందు జనం... వినండి ముందు. సాన మామ మన ఇంట్లో ఉన్నాడు. అవును, లోపలే... నేనే తీశానండీ, రక్తం కారుతుంటే... తిట్టడం తరవాత, ముందు స్టేషనుకి చెప్పండి... చెప్పారా? పోలీసులు ఎక్కడిదాకా వచ్చారట? పళ్ళబండి దగ్గరే ఆగిపోయారా? అదేంటండీ, చచ్చిపోయినాయన ఎక్కడికి పోతాడు, ఇక్కడ బతికున్నవాళ్ళ దగ్గరికి రమ్మనండి!... ఏంటి? ఏమన్నారు?... మళ్ళీ అనండి... లేదు, వినబడింది. వినబడింది కాబట్టే మళ్ళీ అనమంటున్నాను... పాప బాగానే ఉంది... మీరు రండి. పెట్టేస్తున్నాను."

"ఏమన్నాడు?"

"తలుపు తియ్యొద్దన్నారు."

"అది కాదు. మళ్ళీ అనమన్నావు చూడు, అది."

"ఏంలేదు మామా."

"నన్ను బయటికి నెట్టెయ్యమన్నాడు. తప్పులేదు తల్లీ. పిల్లతండ్రి. నేనైనా అదే అంటాను."

"నువ్వు మంచివాడిలా మాట్లాడకు ఇప్పుడు. నాకు ఇంకా కష్టంగా ఉంటుంది."

"చెల్లెమ్మా! గౌను అయిందా?"

"అయిపోతోందన్నా! బొత్తాలు... అమ్మో! మామా, అద్దం! కిటికీ అద్దం!"

"తల పక్కకి! ఇంకో రాయి!"

"పాపా! నా పాప! నువ్వెక్కడికి? మామా, ఆగు! ముట్టుకోకు దాన్ని! ముట్టుకోకన్నానా! చెయ్యి తియ్యి!"

"తల్లీ, ఉయ్యాలనిండా గాజుపెంకులు."

"చెయ్యి తియ్యి, లేదంటే తలుపు తీసి నిన్ను బయటికి తోసేస్తాను! ఒట్టు, తోసేస్తాను!"

"తోద్దువుగాని. ముందు పిల్లనందుకో. చూడు, మెడదగ్గర పెద్ద పెంకు. నా ఒంటిచేత్తో రావట్లేదు, ఇది ఎత్తితే అది గుచ్చుకుంటోంది. నువ్వే తియ్యి. మెల్లగా. ఆఁ. అలా."

"ఏడవకు బంగారూ, ఏడవకు. తగల్లేదు, ఏం తగల్లేదు. మామా, నీ వీపు..."

"మూడో రాయి ఇటు వచ్చింది. పాపకి తగల్లేదు కదా?"

"లేదు."

"ఇందాక తోస్తానన్నావే, నువ్వు కూడా నేనే ఎత్తుకుపోయాననుకున్నావా?"

"ఒక్క క్షణం మామా. ఒక్క క్షణం అనుకున్నాను."

"ఆ వీధిలోవాళ్ళది కూడా ఒక్క క్షణమే తల్లీ. కాకపోతే అందరిదీ ఒకేసారి."

"కిటికీ! మామా, కిటికీ ఊచల్లోంచి చెయ్యి! గడియ కోసం తడుముతున్నాడు!"

"కత్తి తియ్యనా?"

"వద్దు! కత్తి వద్దు! ఇస్త్రీపెట్టె అందించు, ఆయన చొక్కాకని పెట్టాను, కాలుతూనే ఉంటుంది. పాపని పట్టుకో. పట్టుకో, నీ ఒళ్ళోనే పడుకోబెట్టుకో. బాబూ, ఎవరు బాబూ నువ్వు, చెయ్యి తీసెయ్యి. నాకిలాంటివి చేతకాదు. తీసెయ్యి బాబూ, కాలుతుంది. తియ్యవా? తియ్యవా?"

"ఆఆఆ! అమ్మా! చెయ్యి! నా చెయ్యి!"

"తియ్యమన్నానుగా! తియ్యమని చెప్పానుగా! తీసెయ్యి, నేను ఇంకా నొక్కుతున్నాను, నాకు ఆగట్లేదు, తీసెయ్యి!"

"తీసేశాడు తల్లీ. తీసేశాడు. పెట్టె దించు."

"తోలు అంటుకుంది మామా దీనికి."

"చూడకు. కింద పెట్టు."

"చెల్లెమ్మా! మావాడి చెయ్యి కాల్చేశావు. ఇంక వీళ్ళు నామాట కూడా వినరు. పాపని గోడవైపు పెట్టుకుని పక్కకి జరుగు, తలుపు విరగ్గొడుతున్నాం."

"మంచం లాగు మామా, తలుపుకి అడ్డం! కాళ్ళతో తొయ్యి! ఇంకా! ...మామా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. పాపమీద ఒట్టేసి చెప్పు. బుడ్డోణ్ణి నువ్వు చూశావా ఇవాళ?"

"చూశాను."

"చూశావా!"

"పొద్దున టైలరమ్మ దగ్గరికి కత్తెరకని వెళ్ళాను. వాడు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు. ఎక్కడికిరా అంటే, మా మేనమామ దగ్గరికి, మైకులో పాట పాడనిస్తానన్నాడు అని ఉరికాడు. కత్తెర నా సంచిలోనే ఉంది, చూసుకో."

"మైకన్న దగ్గరికా? ఈ సంగతి వాళ్ళకి చెప్పావా?"

"ఎక్కడ చెప్పనిచ్చారు? మైకు అన్నానో లేదో వెనకనుంచి ఒక గొంతు, వీణ్ణి మాట్లాడనివ్వకండ్రా, కొట్టండ్రా అంది. ఇప్పుడు తలుపు బయట వింటున్నా, అది మైకన్న గొంతే. అసలు అప్పటిదాకా కొట్టింది ఇద్దరే. ఆయన అన్నాక అందరూ పడ్డారు."

"మామా!"

"ఏంటి?"

"ఏంలేదు. టైలరక్క నంబరు... ఇదిగో. ఎత్తక్కా, ఎత్తు, ఎత్తు... అక్కా! నేనక్కా, పొద్దుటి మూట!"

"ఏమే! నా కొడుకేడే? వాణ్ణి ఇంట్లో పెట్టుకుని నాకే ఫోను చేస్తావా? తలుపు తియ్యవే, వాడి పేగులు తీసి అడుగుతాను నా కొడుకేడని!"

"ఎక్కడున్నావక్కా?"

"నీ గుమ్మం ముందే ఉన్నాను! జనంలో! నీ బిడ్డ ఏడుపు వినబడుతోంది నాకు. నాకు కూడా వినబడాలే, నాది కూడా వినబడాలి!"

"అక్కా, మామ పొద్దున చూశాడట. బుడ్డోడు మీ అన్నయ్య దగ్గరికి పోతున్నానన్నాడట. మైకులో పాడటానికి."

"మా అన్నయ్యనే మొదట అడిగాను. రాలేదన్నాడు. నాతోపాటు వీధులన్నీ తిరుగుతున్నాడు పాపం, గొంతు పోయేలా పిలుస్తున్నాడు. వాడిమీద పెడతావే?"

"నేను పెట్టట్లేదక్కా. నువ్వు ఫోను పెట్టెయ్యకు, అంతే. చెవికే ఉంచుకో. నేను మీ అన్నయ్యతో మాట్లాడతాను, నువ్వు ఊరికే విను. తరవాత నువ్వు తియ్యమంటే తలుపు తీస్తాను. నా పాపమీద ఒట్టు. నువ్వు చెబితే తీసేస్తాను."

"...మాట్లాడు."

"మామా, ఈ ఫోను కిటికీ గట్టుమీద, తువ్వాలు కింద. నువ్వు పాప నోట్లో వేలు పెట్టు, ఏడవనివ్వకు. అన్నా! మైకన్నా! ఒక్కసారి కిటికీ దగ్గరికి రండన్నా, తలుపు తీస్తాను! మీరొక్కరే రండి, మిగతావాళ్ళని చూస్తే భయంగా ఉంది!"

"వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అందరూ! నేను మాట్లాడుతున్నాను! జరగండ్రా, మైకు వైరు తొక్కకండి! ...చెప్పు చెల్లెమ్మా. ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

"వచ్చిందన్నా. మామని ఇచ్చేస్తాను. కానీ ఆయన ఒక మాటన్నాడు. అది విన్నాక నాకు భయమేస్తోంది."

"ఏమన్నాడు?"

"బుడ్డోడు పొద్దున మీ దగ్గరికే వచ్చాడట."

"మెల్లగా మాట్లాడు. ఇంకెవరికి చెప్పాడు?"

"నాకే. నేను ఇంకా ఎక్కడా రాయలేదు. రేపటి మూటలో రాయాలా వద్దా అని..."

"బెదిరిస్తున్నావా?"

"నేనా? మిమ్మల్నెలా బెదిరిస్తానన్నా? నాకు పాప బతికుంటే చాలు. రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మీరే చెబితే అదే రాస్తాను."

"అలా దారికి రా. విను. వాడు నా ఇంట్లోనే ఉన్నాడు. మా ఆవిడ అన్నం తినిపించి పడుకోబెట్టింది. సాయంత్రం అయ్యాక నేను వెతికి పట్టుకొచ్చినట్టు తీసుకొస్తాను. అందరూ చూస్తారు. అదే రాయి నువ్వు."

"బాగానే ఉన్నాడు కదా అన్నా?"

"నా మేనల్లుడే, నేనేమైనా చేస్తానా? చెబుదామనే అనుకున్నాను పొద్దున్నే. ఈలోపు మా కుర్రాళ్ళు 'వీధి గొంతు'లో పెట్టేశారు, నువ్వు దాన్ని మూటకట్టి ఊరంతా పంచావు. చూస్తుండగానే ఇంటిముందు జనం. అన్నా పదన్నా, అన్నా ఏం చెయ్యమంటావన్నా అని. నా జన్మలో ఎవరైనా నన్ను ఏం చెయ్యమంటావని అడిగారా చెల్లెమ్మా?"

"మరి మామ చేసిన పాపమేంటి?"

"ఏమీ లేదు. నువ్వే చూపించావు వాణ్ణి. ఆ తరవాత వాడు నోరు తెరిచాడు, అది వాడి ఖర్మ. అందరి ముందూ బుడ్డోడు నా దగ్గరికొచ్చాడని అంటే నా బతుకేంకావాలి? పళ్ళబండోడు పోయాడు. దానికెవరు జవాబు చెప్పాలి? వీడు దొంగే అయితే ఎవరూ ఏం అడగరు. వీడు బతికుంటేనే అడుగుతారు."

"అక్క ఏడుస్తోందన్నా. మీ సొంత చెల్లెలు."

"ఏడిస్తే సాయంత్రందాకా ఏడుస్తుంది. కొడుకు దొరికాక నాకే దండ వేస్తుంది. మొన్నటి నా సభకి కుర్చీలే వచ్చాయని నువ్వే కదా ఇవాళ వేశావు మూటలో? ఒకసారి నా వెనక చూడు. ఇది కూడా రాయి, ఇవాళ ఎంతమంది వచ్చారో. ఊఁ, ఇంక తలుపు తియ్యి చెల్లెమ్మా."

"తియ్యమంటావా అక్కా?"

"అక్క ఎవరు?"

"అక్కా, విన్నావా? తలుపు తియ్యమంటావా?"

"ఎవరితో మాట్లాడుతున్నావు? ఆ తువ్వాలు కింద ఏంటి? ఏయ్, ఏంటది!"

"జరగండి! జరగండ్రా నన్ను పోనివ్వండి! అన్నయ్యా!"

"చెల్లీ, నువ్వెక్కడినుంచి... ఇది వినకు, ఇది వీళ్ళు ఏదో..."

"సాయంత్రందాకా ఏడవనా అన్నయ్యా? నేను సాయంత్రందాకా ఏడవనా!"

"అరవకు. ఇంటికి పద, చెబుతాను. పద."

"అందరూ వినండి! నా కొడుకు వీడింట్లో ఉన్నాడు! పొద్దుటినించీ వీడింట్లోనే ఉన్నాడు! తినిపించి పడుకోబెట్టి నాతో కలిసి వెతుకుతున్నాడు వీడు! ఫోన్లో విన్నాను, నా చెవులతో విన్నాను!"

"ఏంటక్కా నువ్వనేది?"

"మరి పళ్ళబండాయన?"

"అన్నా, ఏంటిది? నిజమేనా? పళ్ళబండి లాగింది నేనన్నా! నువ్వు లాగమంటేనే లాగాను!"

"మాచేత మనిషిని చంపించావా?"

"ఆగండ్రా, నామాట వినండి, మైకు ఇటివ్వండి, చెల్లీ నువ్వైనా చెప్పు..."

"పట్టుకోండి వాణ్ణి!"

"తల్లీ, ఏమవుతోంది? ఎవర్ని కొడుతున్నారు?"

"కిటికీ దగ్గరికి రాకు మామా."

"మైకు కీచుమంటోందేంటి?"

"తొక్కేశారు."

"బుడ్డోడు దొరికాడా?"

"దొరికాడు మామా. బాగానే ఉన్నాడట. పాపని ఇటివ్వు. చెవులు మూస్తాను."

"తల్లీ, మళ్ళీ తలుపు కొడుతున్నారు. మన కోసమేనా?"

"చెల్లెమ్మా! నేను, మైకన్నని! గడియ తియ్యి చెల్లెమ్మా, నీకు పుణ్యముంటుంది, ముందు గడియ తియ్యి!"